మాత్ర మానకుండా యోగా

అధ్యక్షులకు, పెద్దలకు నమస్కారం. ఇచ్చింది పది నిమిషాలే కాబట్టి పేరుపేరునా చెప్పడం లేదు, ఏమనుకోకండి.

యోగా గొప్పదని ఇందాకటి నుంచి అందరూ చెప్పారు. నేను ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాడిగా మాట్లాడతాను. ఈ జబ్బులో గుండె పై గదులు లయ తప్పి అదురుతుంటాయి. లోపల రక్తం నిలిచి గడ్డ కట్టొచ్చు. ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం. అందుకే చాలామందికి రక్తం పలచనయ్యే మాత్ర రాస్తారు.

మా బామ్మర్ది సంగతి చెప్పాలి. తిరుపతిలోనే ఒక శిబిరానికి వెళ్లాడు. స్టేజీ మీదాయన "ప్రాణాయామం పట్టుబడినవాడికి మాత్రలెందుకు?" అన్నాడు. అంతా చప్పట్లు. వీడు ఇంటికొచ్చి మాత్ర మానేశాడు, పెళ్లానికి కూడా చెప్పలేదు. నెల తిరక్కుండానే ఒక పొద్దున కాఫీ గ్లాసు చేతిలోంచి జారింది, మూతి వంకరపోయింది. దస్తావేజులు రాసి బతికిన మనిషి, ఇప్పుడు బ్యాంకులో వేలిముద్ర వేస్తున్నాడు. ఆ మాటన్నాయనకు మొన్ననే ఇంకో స్టేజీ మీద శాలువా కప్పారు!

నేను యోగాను తిట్టడం లేదండీ. అమెరికాలో కాన్సస్ యూనివర్సిటీ డాక్టర్లు, లక్కిరెడ్డి ధనుంజయ గారి ఆధ్వర్యంలో, ఇదే జబ్బు వచ్చిపోతుండే 49 మందికి మూడు నెలలు యోగా చేయించి చూశారు. 2013లో అచ్చయింది. చిన్న పరిశోధనే, కానీ దడ తగ్గింది, టెన్షన్ తగ్గింది. అదీ మందులు వాడుతూనే! ఈ ముక్క మాత్రం స్టేజీల మీద వినపడదు.

అమ్మా, ముందు వరుసలో తలూపుతున్నారు, మీ జబ్బు సంగతి యోగా మాస్టారుకి చెప్పారా? లేదా? రేపే చెప్పండి. ఊపిరి బిగబట్టొద్దు. డాక్టర్ని అడక్కుండా కపాలభాతి, భస్త్రిక లాంటి జోరుగా ఊపిరి కొట్టే ప్రాణాయామాల జోలికి పోవద్దు. రక్తం పలచనయ్యే మాత్ర వేసుకునేవాళ్లు శీర్షాసనంలో పడితే తలలో రక్తస్రావం కావచ్చు. శవాసనం నుంచి దిగ్గున లేవకండి, గుండె వేగం తగ్గించే మాత్రలకు కళ్లు తిరుగుతాయి. గుండె లయ నిలిపే యంత్రం, పేస్‌మేకర్, కొత్తగా పెట్టించుకుంటే, డాక్టరు సరేననేదాకా ఆ వైపు చెయ్యి భుజం పైకి ఎత్తకండి. దడతో పాటు ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే ఆపేసి 108కి ఫోన్ చెయ్యండి.

గుండె జబ్బున్నవాళ్లు కొండకు నడిచి రావొద్దని దేవస్థానమే చెబుతుంది. స్వామి దగ్గరికి వెళ్లే దారికే షరతు ఉంటే శీర్షాసనానికి ఉండదా?

కార్యదర్శి గారు చీటీ పంపారు, టైమైపోయిందట. సార్, మీతోనే పని. వచ్చే శిబిరం ఫారంలో "గుండె జబ్బు ఉందా, ఏ మాత్రలు వాడుతున్నారు" అని ఒక గడి పెట్టించండి. అది పెట్టేదాకా నా చందా అడక్కండి.