ఈ సంవత్సరము కూడ ఉండనిమ్ము

ప్రియ సహోదరీ సహోదరులారా, ప్రభువు పేరట మీకు వందనాలు.

లూకా సువార్త 13వ అధ్యాయంలో యేసు చెప్పిన అంజూరపు చెట్టు కథ మీకు తెలిసిందే. యజమాని మూడేళ్లుగా వచ్చి పండ్ల కోసం వెతుకుతున్నాడు, ఒట్టి చేతులతో వెళ్తున్నాడు. చివరికి నరికెయ్యమన్నాడు. అందులో అన్యాయం ఏముంది? కాయని చెట్టు నేలను కూడా తినేస్తోంది. అప్పుడు మాలి అడ్డుపడ్డాడు. "అయ్యా, ఈ సంవత్సరము కూడ ఉండనిమ్ము" అన్నాడు.

చెట్టు మంచిదని అతను వాదించలేదు. యజమాని లెక్క తప్పనలేదు. గడువు అడిగాడు, ఆ గడువంతా చుట్టూ తవ్వి ఎరువు వేస్తానన్నాడు. దేవుని ఓర్పు అంటే పైనుంచి చూస్తూ ఊరుకోవడమని చాలాకాలం అనుకున్నాను. ఈ మాలిని చూశాక అలా అనుకోలేకపోతున్నాను. ఆ ఓర్పు మట్టిలోకి దిగి, చేతులు మురికి చేసుకుని పనిచేస్తుంది. వేళ్ల దగ్గర పార పడితే చెట్టుకు హాయిగా ఉండదు. మనల్ని కుదిపేసిన రోజుల్లో కొన్ని అలా తవ్విన రోజులేనేమో. అన్నీ అనను. సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది మిగతావారికంటే పాపులని తలంచవద్దని ఇదే అధ్యాయం మొదట్లో ప్రభువు హెచ్చరించాడు. ఎవరి కష్టాన్నీ చూసి వాళ్ల లెక్క మనం తేల్చకూడదు.

జలప్రళయానికి ముందు నోవహు రోజులూ అంతే. ఓడ సిద్ధమవుతున్నంతకాలం దేవుని దీర్ఘశాంతం కనిపెట్టుకుని ఉందని పేతురు రాశాడు. ఓడలోకి వెళ్లమన్నాక కూడా వాన పడటానికి ఇంకో 7 రోజులు ఉంది. ఆ తర్వాత తలుపు మూసింది నోవహు కాదు, యెహోవాయే. అంతకాలం తెరిచి ఉంచిన చెయ్యే మూసింది. ఈ మాట చెప్పేటప్పుడు నాకు గుండె బరువెక్కుతుంది.

గడువు మనకిస్తే సంతోషం. మనకు కీడు చేసినవాళ్లకిస్తే? శత్రువుల ఊరైన నీనెవెకు వెళ్లమని దేవుడంటే మొదట పారిపోయిన ప్రవక్త యోనాకు అదే మింగుడుపడలేదు. తర్వాత వెళ్లి 40 రోజుల్లో నీనెవె నాశనమవుతుందని ప్రకటించాడు, ఊరు ఊరంతా గోనెపట్ట కట్టుకుంది, దేవుడు కీడు చేయక మానుకున్నాడు. యోనా కోపగించుకున్నాడు. "నువ్వు జాలిగలవాడివని, త్వరగా కోపగించవని నాకు తెలుసు, అందుకే పారిపోయాను" అన్నాడు. దేవుని దయే అతని ఫిర్యాదు! దానికి దేవుడు, అతనికి నీడనిచ్చి వాడిపోయిన సొరచెట్టును చూపించి అడిగాడు: నువ్వు కష్టపడి పెంచని ఆ చెట్టు కోసమే నీకు అంత బాధైతే, కుడి ఎడమలు తెలియని లక్షా 20 వేలకు పైగా మనుషులు, ఎన్నో పశువులు ఉన్న ఊరి మీద నేను జాలిపడకూడదా? యోనా ఏమన్నాడో గ్రంథంలో లేదు.

మీలో ఎవరో ఒక మనిషి కోసం ఏళ్ల తరబడి ప్రార్థిస్తున్నారు. అలసిపోయారని నాకు తెలుసు. మార్పు కనబడటం లేదు. మీరు ఆ మాలి పక్కన నిలబడి ఉన్నారు. కాయకపోతే నరికించండని అతను కూడా ఒప్పుకున్నాడు, గడువుకు అంతు లేదని అతను అనలేదు. అయినా పార చేతపట్టాడు. ఆ యేడు చివర చెట్టు కాసిందో లేదో యేసు చెప్పలేదు.

లేచి నిలబడదాం. ఆ మనిషి పేరు మనసులో పెట్టుకుని ప్రార్థన చేసుకుందాం.