గండికోటలో ముందు ఊరు చూద్దాం

అందరికీ నమస్కారం.

ఆదివారం మనమంతా గండికోటకు పోతున్నాం. అక్కడి ఫొటో ఒకటి మీరంతా ఫోన్లలో చూసే ఉంటారు. ఎర్రటి బండలు, రెండు కొండల నడుమ పెన్నా నది, బండ అంచున కూర్చున్న ఒక మనిషి. నేనూ మొదటిసారి ఆ అంచు కోసమే పోయాను. గంటసేపు నిలబడి చూసి, చీకటి పడకముందే జమ్మలమడుగు చేరుకున్నాను. గండికోట చూసేశాననే అనుకున్నాను.

రెండోసారి మిట్టమధ్యాహ్నం పోయాను. ఎండకు తాళలేక కోట లోపల ఒక ఇంటి ముందు నీళ్లు అడిగాను. ఆ ఇంటి పెద్దామె చెంబుతో నీళ్లిచ్చి, "ఏ ఊరు నాయనా మీది? అన్నం తిన్నావా?" అని అడిగింది. ఆమె అరుగు మీద కూర్చున్నప్పుడు నాకు తెలిసొచ్చింది, ఇది పాడుబడిన కోట కాదు, జనం ఉంటున్న ఊరు అని. కోటగుమ్మం దాటగానే ఇళ్లు, మేకలు, ఆరేసిన బట్టలు కనిపిస్తాయి. నేను ఇంతకుముందు వాటి పక్కనుంచే, తలయినా తిప్పకుండా నడిచిపోయాను. అందుకే ఈరోజు లోయ గురించి తక్కువ, ఊరి గురించి ఎక్కువ మాట్లాడతాను.

ఊరి పేరు లోయ నుంచే వచ్చింది. కొండను చీల్చుకుని నీళ్లు పారే చోటును గండి అంటాం. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టిన పెన్న, మన ఎర్రమల కొండలను ఇక్కడ కోసుకుంటూ పోతుంది. అంచున నిలబడి ఎదుటి గోడను చూడండి. నాపరాళ్లను ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు పొరలు పొరలుగా ఉంటుంది. ఆ రాయి వయసు వంద కోట్ల ఏళ్లకు పైమాటే. భూగర్భ శాస్త్రంలో దానికి గండికోట క్వార్ట్‌జైట్ (ఇసుకరాయి గట్టిపడి ఏర్పడిన రాయి) అని ఈ ఊరి పేరే ఉంది.

ఇక్కడే కోట ఎందుకు కట్టారో ఆ అంచున నిలబడితే ఎవరూ చెప్పనక్కర్లేదు. ఉత్తరాన నదే కందకం. మిగతా వైపులా బురుజులతో గోడ కడితే చాలు. 1123లో కాకరాజు అనే సామంతరాజు కట్టించాడని స్థానిక చరిత్ర చెబుతుంది. తర్వాత విజయనగర రాజుల కాలంలో పెమ్మసాని నాయకులు దీన్ని తరతరాలు ఏలారు. 1650లో గోల్కొండ మంత్రి మీర్ జుమ్లా దీన్ని పట్టుకున్నాడు.

ఆ తర్వాత రెండేళ్లకు, 1652లో, టావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వ్యాపారి ఇక్కడికి వచ్చాడు. అతని రాతల్లో నాకు బాగా నచ్చిన చిత్రం ఒకటుంది. మీర్ జుమ్లా డేరాలో కూర్చుని, చేతివేళ్ల సందుల్లోనే కాదు, కాలివేళ్ల సందుల్లో కూడా ఉత్తరాలు ఇరికించుకుని, ఒక్కోటి తీసి జవాబులు చెబుతున్నాడట. ఇంకో సంగతి కూడా రాశాడు. ఫిరంగులు పోయడానికి గుళ్లలోని రాగి విగ్రహాలన్నీ పోగుచేయించారు. గండికోట గుడివి ఆరు విగ్రహాలు మాత్రం ఎంత ప్రయత్నించినా కరగలేదట. అవి ఎందుకు కరగలేదో గానీ, ఆ మాట చదివాక మాధవరాయ స్వామి గుడిలోకి అడుగుపెట్టినప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది. నాలుగంతస్తుల గోపురం నిలిచే ఉంది. గర్భగుడి మాత్రం ఖాళీ.

గుడికి కాస్త దూరంలో జామియా మసీదు. దాని పక్కనే ధాన్యాగారం. చాలామంది దీంట్లోకి తొంగి చూసి వెనక్కి వచ్చేస్తారు. మీరు లోపల కాసేపు నిలబడండి. పైన కమానుల కప్పు, చుట్టూ దళసరి గోడలు. ముట్టడి వస్తే కోటలోని జనం ఆ గింజల మీదే బతకాలి. తిండి ఉన్నా నీళ్లు లేకపోతే కోట నిలవదు కదా, అందుకే రాయలచెరువు తవ్వించారు. మసీదు దగ్గర ఉన్నది కత్తుల కోనేరు. యుద్ధం నుంచి వచ్చినవాళ్లు అందులో కత్తులు కడిగేవారని ఊళ్లో చెబుతారు. నాకు కోటగోడ కన్నా ఈ చెరువూ, కోనేరూ, గింజల కొట్టూ గొప్పగా కనిపిస్తాయి. ఇక్కడ సైన్యం ఒక్కటే కాదు, పిల్లాజెల్లా ఉన్న ఊరు బతికిందని చెప్పేవి అవే.

ఒక విషయం చెప్పకుండా నేను కూర్చోలేను. ఇప్పుడు మన దగ్గర గండికోట జలాశయం ఉంది. నిండితే 26.85 టీఎంసీల నీళ్లు. శ్రీశైలం నుంచి అవుకు జలాశయం మీదుగా కృష్ణా నీళ్లు ఇక్కడికి వస్తున్నాయి. మన కరువు సీమకు ఆ నీళ్లు ఎంత అవసరమో మీకు నేను చెప్పాలా? కానీ ఆ నీళ్ల కోసం కొండాపురం మండలంలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. 2020లో తాళ్లప్రొద్దుటూరు వాళ్లు సామాను ట్రాక్టర్లకెత్తుకుని కదిలారు. యుద్ధాలన్నీ చూసిన పాత ఊరు గట్టు మీద మిగిలింది. పైరు పండించిన ఊళ్లు నీళ్ల కింద ఉన్నాయి. జలాశయం వైపు చూసి "అబ్బ, ఎంత బాగుందో" అనేటప్పుడు ఆ ఇళ్లు కూడా మీకు గుర్తుకు రావాలని నా కోరిక.

ఇక ప్రయాణం సంగతి. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లే. లోయ అంచున చాలాచోట్ల రక్షణ కంచె లేదు, బండలు జారతాయి. సెల్ఫీ కోసం ముందుకు జరగొద్దు. ఇళ్ల ముందు ఫొటో తీయాలంటే అడిగి తీయండి. తాగే నీళ్లు, టోపీ తెచ్చుకోండి. కొనేవి ఏమైనా ఉంటే ఊరివాళ్ల దగ్గరే కొనండి.

పొద్దున ఆరింటికి బస్సు బయలుదేరుతుంది. ముందు ఊరంతా తిరిగి, మధ్యాహ్నం రంగనాథ స్వామి గుడి నీడలో సద్ది మూటలు విప్పుదాం. లోయ దగ్గరికి సాయంత్రం పోదాం.