కంటికి కనబడింది, మనసుకి పట్టలేదు

నమస్కారమండీ. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన ఆ రాత్రి శ్రీకాకుళం జిల్లాలో ఎవరు మరిచిపోతారు! మా సోంపేట వైపు కరెంటు పోయింది, ఎవరి చెయ్యి వాళ్లకే కనిపించని చీకటి. మేం నలుగురం టార్చిలైటు కోసం మంచాలూ బీరువాలూ తడుముతుంటే అమ్మమ్మ లేచి నాలుగడుగులు వేసి, ఉప్పు జాడీ వెనకనుంచి అగ్గిపెట్టె, కిటికీ పక్కన మేకునుంచి లాంతరు తీసేసింది. "పెట్టినప్పుడు చూసి పెట్టాల కదే, ఇప్పుడు వెతికితే ఏటి లాభం?" అంది.

ఆ లాంతరు మేమూ రోజూ చూసిందే. మరి మాకెందుకు గుర్తులేదు?

చెయ్యి చాపి బొటనవేలి గోరు చూడండి. ఒక్క క్షణంలో మన కంటికి నిజంగా స్పష్టంగా కనబడేది సుమారుగా అంత మేరే, అందుకే కళ్లు సెకనుకి మూడుసార్ల దాకా అటూ ఇటూ గెంతుతూ ఉంటాయి. వాటితోపాటు ధ్యాస కూడా ఒకచోట ఆగితేనే, ఆ వస్తువూ అది ఉన్న చోటూ కలిపి మెదడులో బాగా ముడిపడతాయి. హిప్పోకాంపస్ అనే భాగానికి ఆ పనిలో పెద్ద పాత్ర ఉంది. ఫోన్లో మాట్లాడుతూ తాళంచెవి ఫ్రిజ్ మీద పెట్టామనుకోండి, చూపు అటే ఉన్నా ధ్యాస ఫోన్లో ఉంటుంది. తర్వాత "మరిచిపోయాను" అంటాం గానీ, మరిచిపోవడానికి అసలది సరిగ్గా లోపలికి వెళ్తే కదా! కళ్లజోడు కనపడనప్పుడల్లా తనకి మతిమరుపు వచ్చేస్తోందని మా నాన్నగారు టెన్షన్ పడతారు, ఆయనకీ ఇదే చెబుతుంటాను.

లాస్ ఏంజెలెస్‌లో ఒక యూనివర్సిటీ భవనంలో పనిచేసే 54 మందిని, మీ గదికి దగ్గర్లో మంటలార్పే ఎర్ర సిలిండర్ ఎక్కడుందని అడిగారు. 13 మందే సరిగ్గా చెప్పారు. 2012లో వచ్చిన పరిశోధన ఇది. వాళ్లలో కొందరు ఏళ్ల తరబడి దాని పక్కనుంచే నడిచినవాళ్లు, అంత ఎర్రగా గోడకి వేలాడుతున్నా సరే! వెళ్లి వెతకమంటే మాత్రం చాలామందికి క్షణాల్లో దొరికేసింది, కొన్ని నెలల తర్వాత మళ్లీ అడిగితే అప్పుడు చెప్పగలిగారు. ఏళ్లపాటు ఊరికే చూసినదానికంటే, పనిగట్టుకుని ఒక్కసారి వెతికిందే నిలిచిపోయిందన్నమాట.

ఇది చదివిన మర్నాడే శ్రీకాకుళం కాంప్లెక్సులో విజయనగరం బస్సెక్కాను. ఇన్నేళ్లుగా తిరుగుతున్న రూటే. సీట్లో కూర్చోగానే అత్యవసర ద్వారం ఎక్కడుందా అని వెతికాను. కుడివైపు, వెనక వరసల దగ్గర. అక్షరాల ఎర్రరంగు సగం వెలిసిపోయింది, పిడికి ఎవరిదో కూరగాయల సంచి తగిలించి ఉంది, అందులోంచి మునక్కాడలు బయటికి వచ్చి ఉన్నాయి. నెల దాటింది, కళ్లు మూసుకుంటే ఆ పిడి ఇప్పటికీ అక్కడే కనబడుతోంది.