ఓటీపీ ఎవరి ఫోన్‌కు వస్తోంది?

(అంతర్జాతీయ అక్షరాస్యత దినోత్సవం సందర్భంగా నెల్లూరు జిల్లాలో జరిగిన సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలి ప్రసంగం)

వేదిక మీదున్న ఎంపీడీవో గారికి, సర్పంచి గారికి, గ్రామ సమాఖ్య అధ్యక్షురాలికి, ఇంత ఎండలో వచ్చిన మా సంఘాల అక్కచెల్లెళ్లకు నమస్కారం. శాలువా వద్దని ముందే చెప్పాను, అయినా కప్పారు. సరే.

డిజిటల్ రంగంలో స్త్రీల వెనుకబాటు, ప్రభుత్వం చేయాల్సిన పనుల గురించి మాట్లాడమన్నారు. రాసుకొచ్చాను కూడా. కానీ వచ్చే దారిలో మా వీధి వదిన గ్రామ సచివాలయం మెట్ల మీద కూర్చుని కనిపించింది. ఆమె సంగతి చెప్పాకే కాగితం తీస్తాను.

ఆమె పొదుపు సంఘం లీడరు. ఎవరు ఎంత కట్టారో, ఎవరు ఎగ్గొట్టారో పుస్తకం చూడకుండా చెబుతుంది. కానీ ఆమె ఆధార్‌కూ, బ్యాంకు ఖాతాకూ ఇచ్చిన నంబరు కొడుకుది. అతను కంపెనీలో షిఫ్టు పని చేస్తాడు, లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. ఇక్కడ ఈమె ఆధార్ నంబరు ఇస్తే ఓటీపీ అక్కడ లాకర్‌లో ఉన్న ఫోన్‌లో మోగుతుంది. కాసేపటికి దాని గడువు అయిపోతుంది. రేపు రమ్మంటారు. ఎట్టకేలకు కొడుకు దొరికితే, నంబరు చెప్పేముందు అడిగాడట: "ఏం డబ్బులమ్మా? ఎంతొస్తాయి?"

మన అమ్మలు పోపుల డబ్బాలో నాలుగు రూపాయలు దాచుకుంటే ఇంట్లో మగవాళ్లకు తెలిసేది కాదు. ఇప్పుడు ఖాతా ఆమె పేరు మీదే, సంతకమూ ఆమెదే. డబ్బు పడిన కబురు మాత్రం ముందు కొడుక్కి వెళ్తుంది. పోపుల డబ్బాకున్న గుట్టు బ్యాంకు ఖాతాకు లేదు. ఆ అబ్బాయి మంచివాడే, నా దగ్గర చదువుకున్నవాడే. తాగే మొగుడున్న ఇంట్లో అయితే ఆ మెసేజ్ ఎవరు ముందు చూస్తారో మీకు నేను చెప్పాలా?

తాగుడు మాట వచ్చింది కాబట్టి, ఈ జిల్లాలో నిలబడి దూబగుంట పేరెత్తకుండా ఉండలేను. సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమంలో నేనూ వాలంటీరునే. పొలం పని, వంట, పిల్లల తిండి అన్నీ అయ్యాక రాత్రిపూట బడి. పలక పట్టుకున్న చేతులు నాట్లు వేసి వేసి వణుకుతుండేవి. దూబగుంటలో ఆడవాళ్లు వాచకంలో సారాను ఎదిరించిన సీతమ్మ కథ చదివారు, ఊళ్లో సారా అమ్మనివ్వబోమని అడ్డం పడ్డారు. ముందు నిలబడ్డ రోశమ్మ గారి పేరు మీకందరికీ తెలుసు. 1992కల్లా జిల్లా అంతా అంటుకుంది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధించారు. చదువు చెప్పబోయి ప్రభుత్వం తన సారా ఆదాయానికి తానే ఎసరు పెట్టుకుంది! ఊరికి ఇద్దరు ముగ్గురికి నేర్పి ఉంటే ఇది జరిగేదా? ఆడవాళ్లంతా ఒకచోట కూర్చున్నారు కాబట్టే జరిగింది.

చాలా దూరం వచ్చేశాను. అసలు విషయం.

2017లో కేంద్రం పీఎంజీదిశ అని పథకం పెట్టింది. ఆరు కోట్ల గ్రామీణ కుటుంబాలకు డిజిటల్ శిక్షణ, కుటుంబానికి ఒకరికి. 2024 మార్చితో ముగిసేసరికి 6.39 కోట్ల మందికి నేర్పామన్నారు. లక్ష్యం దాటింది, కాదనను. నా తగాదా ఆ "కుటుంబానికి ఒకరు"తోనే. కోడలు నేర్చుకుంటే అత్తకు చోటు లేదు. కొడుకు నేర్చుకుంటే ఇద్దరికీ లేదు. ఇంటికి ఒక ఫోన్, ఇంటికి ఒక నంబరు, ఇంటికి ఒక శిక్షణ. ఆ ఒక్కటి ఎవరి చేతికి పోతుంది?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019లో అడిగినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న ఆడవాళ్లు 21 శాతం, మగవాళ్లు 48.8. తెలంగాణలో 26.5, 57.4. కరోనా ముందు లెక్క ఇది, ఇప్పుడు మారి ఉంటుంది. కానీ రీల్స్ చూడటం వేరు, తన ఖాతా తాను చూసుకోవడం వేరు.

ఉచిత ఫోన్లిస్తే సరిపోతుందంటారు కొందరు. ఛత్తీస్‌గఢ్‌లో 2018లో ఇచ్చారు, రాజస్థాన్‌లో 2023లో ఇచ్చారు. రెండూ ఎన్నికల ఏడాదులే, రెండు చోట్లా ఇచ్చినవాళ్లు ఓడిపోయారు. (నవ్వకండి, నాయకులు కూడా ఉన్నారు ఇక్కడ.) రాజస్థాన్‌లో ప్రభుత్వం మారాక పథకం ఆగిపోయింది.

కేరళను చూడండి. 2002లో మలప్పురంలో వాళ్లు కంప్యూటర్ చదువు మొదలుపెట్టిందీ ఇంటికి కనీసం ఒకరితోనే. అక్కడ ఆగలేదు. డిజి కేరళం అని ఇంటింటికీ తిరిగి, డిజిటల్ పనులు రానివాళ్లను ఒక్కొక్కరినీ లెక్కబెట్టి సుమారు 22 లక్షల మందికి నేర్పారు. 2025 ఆగస్టులో పూర్తయిందని ప్రకటించారు. ఇళ్లను కాదు, మనుషులను లెక్కబెట్టారు.

మన దగ్గర 2025 జనవరిలో 'మన మిత్ర' వచ్చింది. వాట్సాప్‌లోనే 161 ప్రభుత్వ సేవలతో మొదలుపెట్టారు. మంచిదే, ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పుతుంది. ఎవరి వాట్సాప్ అన్నదే నా ప్రశ్న.

అమ్మా, ఒక్క నిమిషం. ఆధార్‌కు తన సొంత నంబరు, తన చేతిలో ఉన్న నంబరు లింకైన వాళ్లు చేతులెత్తండి. మొగుడిది కాదు, కొడుకుది కాదు. ఎత్తండి, సిగ్గెందుకు? చాలు, దించండి. ఎంపీడీవో గారూ, వెనక రెండు వరుసలూ చూశారా?

టైమైందని చీటీ పంపారు. రాసుకొచ్చిన కాగితం మడిచేస్తున్నాను, ఈ అర్జీ ఒక్కటే చదువుతాను. ఒకటి, ఆధార్‌లో నంబరు మార్చుకోవడానికి మండల కేంద్రానికి కాకుండా ప్రతి సచివాలయంలో ఆడవాళ్ల కోసం శిబిరం పెట్టాలి, 75 రూపాయల రుసుము ప్రభుత్వమే కట్టాలి. రెండు, శిక్షణ గ్రామ సమాఖ్య భవనంలో, పనులయ్యాక, సంఘం సభ్యులందరికీ ఇవ్వాలి. నేర్పేవాళ్లు కూడా మన ఊరి ఆడపిల్లలే అయి ఉండాలి, వాళ్లకు జీతమివ్వాలి. 1991లో అక్షరాస్యత వాలంటీర్లం మాకివ్వలేదు, అది ఇప్పటికీ నాకు కోపమే. మూడు, సొంత ఫోన్ లేదని ఏ ఆడమనిషికీ రేషనూ పింఛనూ ఆపకూడదు.

వేలిముద్ర వేసేవాళ్లు కూడా వేయొచ్చు. అర్జీ బల్ల మీద ఉంది, సార్ ఇక్కడే ఉన్నారు. రండమ్మా, ముందు వరుస నుంచి రండి.