రేడియో పెట్టెకు వెనకవైపు

శ్రోతలకు నమస్కారం.

ఈ మాటలు మీరు ఫోనులో వింటూ ఉండవచ్చు, ప్రయాణంలో కారులో వింటూ ఉండవచ్చు. ఎందులో వింటున్నా, మీట నొక్కగానే నా గొంతు వినిపించి ఉంటుంది. ఈ రోజు నేను చెప్పబోయేది అంత తొందరగా పలకని పెట్టెల గురించి. స్విచ్చి వేశాక లోపలి వాల్వులు, అంటే గాజు గొట్టాలు, ఎర్రబడాలి, ముందు సన్నగా ఒక గుర్రుమనే ధ్వని రావాలి, ఆ తరువాతే మాట. ఆ అర నిమిషం ఎదురుచూపు తెలిసినవారు మనలో ఇంకా చాలామంది ఉన్నారు.

పాత రేడియోలు, టెలివిజన్లు సేకరించేవారు అప్పుడప్పుడు ఒకచోట చేరి సంత జరుపుకుంటారు. పెద్ద హాలు, వరసగా బల్లలు, బల్లల నిండా పెట్టెలు. అమ్మేవారు, కొనేవారు, ఒకటిచ్చి ఇంకొకటి పుచ్చుకునేవారు, ఏమీ కొనకుండా సాయంత్రం దాకా మాట్లాడి తృప్తిగా వెళ్లేవారు. అటువంటి సంతకు ఈ మధ్య మరోసారి వెళ్లి వచ్చాను.

అక్కడ కొత్తవారిని ఇట్టే గుర్తుపట్టవచ్చు. వారు రేడియో ముఖం చూస్తారు. పాతకాపులు పెట్టెను మెల్లగా తమవైపు తిప్పుకుని వీపు చూస్తారు.

ముఖం చూడవద్దని నేను అనను. అసలు మనల్ని పిలిచేది ఆ ముఖమే. తొలి రోజుల్లో రేడియోకు తనదంటూ ఒక రూపం లేదు. కొయ్య పెట్టె, నున్నని పాలిషు, చూడడానికి ఇంట్లోని బీరువాకు తమ్ముడిలా ఉండేది. 1907లో లియో బేక్‌లాండ్ బేకలైటును తయారుచేశాడు. వేడి చేసి అచ్చులో నొక్కితే ఏ ఆకారమైనా వచ్చే పదార్థం అది. ఆ తరువాతే రేడియో బీరువాల కుటుంబం నుంచి విడిపోయింది. 1934లో బ్రిటన్‌కు చెందిన ఎక్కో కంపెనీ విడుదల చేసిన ఏడీ 65 అనే రేడియోను చూడండి. వెల్స్ కోట్స్ అనే వాస్తుశిల్పి గీసిన రూపం. పూర్ణచంద్రుడిలా గుండ్రంగా ఉంటుంది. డయలు కూడా ఆ గుండ్రదనాన్నే అనుసరించి పైన వంపు తిరుగుతుంది. కొయ్యతో అలాంటి పెట్టె చేయాలని ఎవరికీ తోచి ఉండదు. బేకలైటులో రంపపు పొట్టు కలిపేవారు కాబట్టి రంగు గోధుమ, నలుపులకు దగ్గరగానే ఉండేది. అది కలపకుండా పోతపోసిన కాటలిన్ అనే పదార్థం వచ్చాక ఎరుపు, ఆకుపచ్చ రేడియోలు పుట్టాయి. కానీ కాటలిన్‌కు కాలం పడదు. కుంచించుకుపోతుంది, పగులుతుంది, తెల్లగా చేసినది పసుపు తిరుగుతుంది. సంతలో వెన్నముద్ద రంగులో మెరిసే కాటలిన్ పెట్టె కనిపిస్తే, అది పుట్టినప్పుడు తెల్లగా ఉండి ఉండవచ్చని గుర్తుంచుకోండి.

ఇక డయలు అద్దం. దాని ముందు నేను ఎంతసేపైనా నిలబడతాను. దాని మీద స్టేషన్ల ఊళ్ల పేర్లు: లండన్, పారిస్, రోమ్, వియన్నా, హిల్వర్సమ్. ముల్లును వేలెడు దూరం జరిపితే ఒక దేశం దాటినట్టే. భూగోళం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పుస్తకం లేదని నాకు అనిపిస్తుంది.

సరే, ఇప్పుడు పెట్టెను తిప్పుదాం.

వెనక అట్ట తీయగానే కనిపించేవి వాల్వులు. వాటి గాజు మీద సన్నని అక్షరాలతో పేరు ఉంటుంది. యూరప్ వాల్వులైతే ఆ పేరే చరిత్ర చెబుతుంది. ఇఎల్ 84 అని ఉందనుకోండి. మొదటి అక్షరం ఇ అంటే దాని ఫిలమెంటుకు 6.3 వోల్టులు కావాలి. రెండో అక్షరం ఎల్ అంటే స్పీకరును మోగించే శక్తి వాల్వు. డి తో మొదలైతే బ్యాటరీ సెట్టుది. పి తో మొదలైతే చాలావరకు టెలివిజన్‌ది. యు తో మొదలైతే మాత్రం చెయ్యి వెనక్కి తీసుకోండి. ఆ వాల్వుల ఫిలమెంట్లన్నీ ఒకదాని వెనక ఒకటి గొలుసుగా నేరుగా కరెంటుకు కలుస్తాయి. అటువంటి సెట్లలో ఇంటి కరెంటును సెట్టు నుంచి వేరుగా ఉంచే ట్రాన్స్‌ఫార్మర్ సాధారణంగా ఉండదు. లోపలి లోహపు చట్రానికే ఇంటి కరెంటు తగులుతూ ఉండవచ్చు. నాబు ఊడి ఉన్న ఇనుప కడ్డీని ముట్టుకున్నా ప్రమాదమే. చక్కని చిన్న బల్ల రేడియోల్లో ఈ రకంవి ఎన్నో ఉన్నాయి కాబట్టి ఈ ఒక్క అక్షరం గుర్తుపెట్టుకోమని ప్రతి కొత్తవారికీ చెబుతాను.

వాల్వు నెత్తిమీద గాజు లోపల అద్దంలా వెండి మచ్చ ఉంటుంది. తయారీలో మిగిలిన గాలిని పీల్చేయడానికి లోపల కాల్చిన లోహపు పూత అది. వెండిగా మెరుస్తుంటే లోపల శూన్యం నిలిచి ఉందన్నమాట. పాలలా తెల్లబడితే గాలి చొరబడింది, ఇక ఆ వాల్వు పలకదు. ఈ పరీక్షకు ఏ పరికరమూ అక్కరలేదు, కళ్లు చాలు.

వాల్వుల కంటే ముందు చెడేవి కండెన్సర్లు, అంటే విద్యుత్తును కొద్దిగా నిల్వ ఉంచే చిన్న భాగాలు. కాగితాన్ని మైనంలో ముంచి చుట్టిన పాత కండెన్సర్లు ఏళ్ల తరబడి తేమ పీల్చుకుని, ఆపవలసిన విద్యుత్తును లీకు చేస్తాయి. శక్తి వాల్వును అదుపుచేసే లోపలి తీగ వల గ్రిడ్డు. దానికి ముందున్న కండెన్సర్ అలా లీకైతే వాల్వు అదుపు తప్పి కరెంటు లాగేస్తుంది. దాని వెనకే, ఆ వాల్వును స్పీకరుకు కలిపే తీగచుట్ట, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, కాలిపోతుంది. ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. సేకరణ మొదలుపెట్టిన కొత్తలో ఒక రేడియోను సంత నుంచి తెచ్చిన రాత్రే కరెంటులో పెట్టాను. రెండు నిమిషాలు ఎంతో బాగా పాడింది. మూడో నిమిషంలో గొంతు బొంగురుపోయింది, తరువాత పొగ. దశాబ్దాలు మౌనంగా ఉండి కూడా చెడని ఒక తీగచుట్టను నేను మూడు నిమిషాల్లో చంపేశాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది. అందుకే సంతలో ఎవరైనా, "ఇప్పుడే స్విచ్చి వేసి చూపిస్తానండి" అంటే నేను వద్దంటాను. ముందు కండెన్సర్లు మార్చాలి. ఆ తరువాత కూడా సెట్టుకు వరసలో ఒక ఫిలమెంటు బల్బు కలిపి కరెంటు ఇవ్వాలి. లోపల షార్టు ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, సెట్టు బతికిపోతుంది. అన్నీ సవ్యంగా ఉంటే ఒక్కసారి మెరిసి మందగిస్తుంది.

టెలివిజన్లు హాలుకు ఒక చివర ఉంటాయి, ఎందుకంటే వాటిని మోయడానికి ఇద్దరు కావాలి. నాకు టెలివిజన్లను చూస్తే కాస్త దిగులు. 1926 జనవరి 26న జాన్ లోగీ బెయిర్డ్ లండన్‌లో టెలివిజన్‌ను ప్రదర్శించినప్పుడు బొమ్మను ఏర్పరిచిన గీతలు 30 మాత్రమే. పదేళ్లు తిరిగేసరికి, 1936 నవంబరు 2న లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి బీబీసీ క్రమం తప్పని ప్రసారాలు మొదలుపెట్టింది. దాదాపు మూడు నెలలపాటు బెయిర్డ్ 240 గీతల పద్ధతి, మార్కోనీ-ఇఎంఐ వారి 405 గీతల పద్ధతి ఒకదాని తరువాత ఒకటి నడిచాయి. రెండోది గెలిచింది. ఆ 405 గీతల ప్రసారం 1985లో ఆగిపోయింది. అంటే ఆ కాలపు సెట్టును ఎంత చక్కగా బాగుచేసినా, దానికి అర్థమయ్యే భాష మాట్లాడేవారు ఇప్పుడు గాలిలో ఎవరూ లేరు. అందుకని కొందరు ఔత్సాహికులు ఈనాటి బొమ్మను 405 గీతల్లోకి మార్చే చిన్న పెట్టెలు తామే చేసుకుంటారు. ఆ పని మీద నాకు అపారమైన గౌరవం.

టెలివిజన్ వెనక అట్ట మాత్రం తెలియకుండా తీయకండి. బొమ్మ కనిపించే పెద్ద గాజు గొట్టానికి, అంటే పిక్చర్ ట్యూబుకు, వేల వోల్టులు అందుతాయి, రంగుల సెట్లలో 25,000 దాకా. స్విచ్చి కట్టేశాక కూడా ఆ విద్యుదావేశం ట్యూబులో నిలిచి ఉండవచ్చు. పైగా ట్యూబు లోపల శూన్యం. బయటి గాలి చదరపు సెంటీమీటరుకు దాదాపు 1 కిలో బరువుతో దాన్ని నొక్కుతూ ఉంటుంది. మెడ దగ్గర దెబ్బ తగిలితే గాజు లోపలికి కూలి, ముక్కలు ఎగిరిపడతాయి.

ట్రాన్సిస్టర్ల బల్లల దగ్గర నేను ఎక్కువసేపు ఆగను. 1954లో వచ్చిన రీజెన్సీ టీఆర్-1 లో ఉన్నవి నాలుగే ట్రాన్సిస్టర్లు, చొక్కా జేబులో పట్టేది. ట్రాన్సిస్టరుకు వాల్వులా వేడెక్కే పని లేదు కాబట్టి ఎదురుచూపు అక్కడితో ముగిసింది. ఆ పక్కనే మాత్రం ఒక బల్ల మీద స్ఫటిక రేడియో ఉంది. ఒక తీగచుట్ట, గలీనా అనే సీసపు ఖనిజం ముక్క, దాని మీద వాలిన సన్నని లోహపు వెంట్రుక, హెడ్‌ఫోను. బ్యాటరీ లేదు, కరెంటు లేదు. ప్రసార కేంద్రం నుంచి వచ్చిన తరంగంలో ఉన్న శక్తే మీ చెవిలో మాట అవుతుంది. ఎవరో దూరాన మాట్లాడిన బలంతోనే ఇక్కడ వినిపించడం! ఇంత నిరాడంబరమైన యంత్రం మరొకటి నేను చూడలేదు.

సేకరించేవారిలో ఎప్పటికీ తెగని వాదం ఒకటుంది. పాత పెట్టెలో ఏదీ మార్చకూడదని కొందరు, పలికించకపోతే అది వట్టి పెట్టె అని మరికొందరు. ఈసారి కూడా నా పక్క బల్ల పెద్దాయన, "మార్చిన ప్రతి ముక్కతో ఒక సాక్ష్యం పోతుంది బాబూ" అన్నారు. ఆ మాటలో నిజం ఉంది. అయినా నేను రెండో పక్షం. మాట కోసం చేసిన వస్తువును మూగగా ఉంచడానికి నాకు మనసొప్పదు. అయితే ఓపిక ఉన్నవారు చేసే పని ఒకటుంది. పాత కండెన్సర్ గొట్టంలోని కుళ్లిన భాగాన్ని వేడిచేసి తీసేసి, కొత్త కండెన్సర్‌ను అందులోనే దాచి, మళ్లీ మైనంతో మూస్తారు. చూపుకు పాతది, పనికి కొత్తది. నేను అంతదాకా వెళ్లను. తీసిన ముక్కలన్నిటినీ ఒక సంచిలో కట్టి, ఏది ఎక్కడిదో చీటీ రాసి, పెట్టె లోపలే ఉంచుతాను.

ఆ చీటీ అలవాటు నాకు ఒక పాత సెట్టే నేర్పింది. దాని లోపలి కొయ్య మీద పెన్సిలుతో మూడు రకాల చేతిరాతలు ఉన్నాయి. ఒకరు మార్చిన వాల్వు పేరు రాశారు. ఇంకొకరు డయలు ముల్లును జరిపే తాడు ఎన్ని చుట్లు, ఎటు నుంచి ఎటు తిరగాలో చిన్న బొమ్మ గీశారు. తాడు తెగిన రేడియోను పట్టుకుని ఒక సాయంత్రమంతా గడిపినవారికే ఆ బొమ్మ విలువ తెలుస్తుంది. వారెవరూ ఒకరినొకరు చూసి ఉండరు. తరువాత విప్పేవాడు తిప్పలు పడకూడదని రాసిపెట్టారు, అంతే. అందుకే సంతలో ఏ సెట్టు కొన్నా ముందు టార్చి వేసి లోపలి గోడలు చదువుతాను.

మధ్యాహ్నం తరువాత ఒక బల్ల మీది వాల్వు రేడియో చుట్టూ జనం చేరారు. యూరప్‌లో చాలా దేశాలు మీడియం వేవ్ ప్రసారాలు ఆపేశాయి కాబట్టి, ఇటువంటి సెట్లు పలకాలంటే పక్కనే ఒక చిన్న ప్రసార పెట్టె ఉంచే పద్ధతి వచ్చింది. దాని శక్తి హాలు గోడలు కూడా దాటదు. రేడియో యజమాని వెనక అట్ట తీసి, ఒక పదేళ్ల అమ్మాయిని వెనకవైపు నిలబెట్టాడు. స్విచ్చి వేశాడు. మేమంతా ముందువైపు డయలు దీపం చూస్తున్నాం. "ఎర్రబడుతున్నాయి, ఒక్కొక్కటీ ఎర్రబడుతున్నాయి" అంటూ ఆ అమ్మాయి లోపలి కబురు మాకు చెబుతోంది. గుర్రుమనే ధ్వని వచ్చింది. స్టేషను సరిగ్గా కుదిరిందో లేదో చూపించే చిన్న దీపపు కన్ను, మేజిక్ ఐ, ఆకుపచ్చగా తెరుచుకుంది. ఆయన నాబు తిప్పుతుంటే స్టేషను దగ్గరపడేకొద్దీ ఆకుపచ్చ కంటిలోని చీకటి సన్నబడుతూ వచ్చింది. ఒకచోట పూర్తిగా మూసుకుంది. ఎవరో మాట్లాడుతున్న గొంతు, వెచ్చగా, కొంచెం ముక్కుతో, హాలంతా వినిపించింది. అమ్మాయి మాత్రం ముందువైపుకు రాలేదు. తల ఇంకా కొంచెం వంచి, వెనకనుంచే వింటూ ఉంది.

నమస్కారం.