పోచారంలో ఫ్లాట్ కొనొచ్చా? ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. హైదరాబాద్‌లో అద్దెలు, ఫ్లాట్ల రేట్లు చూసి శివారుకు వెళ్లిపోదామా అని ఆలోచిస్తున్నవాళ్ల కాల్స్ తీసుకుంటున్నాం. మొదటి కాల్ రామంతాపూర్ నుంచి. చెప్పండి మేడమ్.

కాలర్: నమస్తే అండి. మేం ఇక్కడ డబుల్ బెడ్‌రూమ్‌లో అద్దెకు ఉంటున్నాం, మెయింటెనెన్స్‌తో కలిపి పదహారు వేలవుతోంది. సిటీకి తూర్పు శివారున, నారపల్లి దాటాక పోచారం దగ్గర ఒక ఫ్లాట్ చూశాం, 45 లక్షలంటున్నారు, బిల్డింగ్ ఇంకా కడుతున్నారు. మావారిది సిటీకి పడమటి పక్కన రాయదుర్గంలో ఆఫీసు, నేను హబ్సిగూడలో టీచర్ని. పాప మూడో తరగతి, అత్తయ్య కూడా మాతోనే ఉంటారు. బిల్డరేమో ఈ నెలలోనే అడ్వాన్స్ ఇవ్వమంటున్నాడు, నాకు ఒకటే టెన్షన్‌గా ఉంది.

సలహాదారు: అమ్మా, ముందు ఆ అడ్వాన్స్ ఆపండి. కొనాలనుకున్న ఏరియాలోనే అద్దెకు దిగండి, ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచేదాకా ఉండండి. ఆ తర్వాత కూడా మీ నలుగురికీ అక్కడే ఉండాలనిపిస్తే అప్పుడు కొనండి.

కాలర్: మళ్లీ ఇల్లు మారాలా అండి? ఈలోపు రేటు పెరిగిపోతుందని మావారి భయం.

సలహాదారు: పెరగొచ్చు, కాదనను. కానీ ఇప్పుడు కూడా మీకయ్యేది 45 లక్షలతో ఆగదు. రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం, అంటే మూడు లక్షల పైమాటే. కడుతున్న ఫ్లాట్ కాబట్టి జీఎస్టీ కూడా ఉంటుంది. 45 లక్షల లోపు ఇళ్లకు 1 శాతమేనని చెప్తుంటారు గానీ, హైదరాబాద్‌లాంటి మెట్రో నగరాల్లో కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల వాడుకునే స్థలం, 60 చదరపు మీటర్లు దాటకుండా ఉంటేనే ఆ రేటు, అంటే దాదాపు 645 చదరపు అడుగులు. మామూలు డబుల్ బెడ్‌రూమ్ చాలావరకు అది దాటుతుంది, అప్పుడు 5 శాతం కట్టాలి. పూర్తయి, ఇక ఉండొచ్చని అధికారులిచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన ఫ్లాట్‌కైతే జీఎస్టీ ఉండదు. ఇక ఇరవై ఏళ్లకు లోన్ 36 లక్షలు తీసుకున్నా ఈఎంఐ ముప్పై వేల దాకా అవుతుంది, పైగా ఇల్లు చేతికొచ్చేదాకా ఇక్కడి అద్దె కూడా కట్టాల్సిందే.

కాలర్: అంత లెక్క మేం వేసుకోలేదండి.

సలహాదారు: డబ్బు సంగతి ఒకటైతే, మీవారి ప్రయాణం ఇంకొకటి. ఆయన పొద్దున పోచారం నుంచి ఉప్పల్ రావాలి, అక్కడ మెట్రో ఎక్కితే రాయదుర్గానికి దాదాపు గంట. ఉప్పల్ రావడమే అసలు కష్టం. ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ పని 2018లో మొదలైంది, ఆరు కిలోమీటర్ల పైచిలుకు, ఏళ్లకేళ్లు సాగింది. వానొస్తే ఆ రోడ్డు మీద గుంతలేవో నీళ్లేవో తెలియక బండి మీద వెళ్లేవాళ్లు ఎంత అవస్థ పడ్డారో ఉప్పల్ వైపు ఎవర్నడిగినా చెప్తారు. ఫ్లైఓవర్ వచ్చేస్తుంది, రేట్లు డబుల్ అవుతాయి అన్న మాట మీద ఇల్లు కొనకండమ్మా, ఈరోజు ఉన్న రోడ్డును చూసి కొనండి.

యాంకర్: పక్కనే ఘట్‌కేసర్ నుంచి ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఉంది కదండీ?

సలహాదారు: ఉంది. 2024 మార్చిలో మౌలాలి, సనత్‌నగర్ మీదుగా లింగంపల్లికి మొదలైంది, హైటెక్ సిటీ స్టేషన్ కూడా దారిలోనే. మంచి లైనే గానీ రైళ్లు తక్కువ. ఆయన షిఫ్టుకు కుదిరే రైలు ఉందో లేదో టైమ్‌టేబుల్ చూసుకుని, ఒకసారి ఎక్కి వెళ్లి రమ్మనండి. మీకు మాత్రం అంత కష్టం లేదు, ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకున్న మహాలక్ష్మి పథకం కింద ఉచితంగా వెళ్లొచ్చు. అయితే హైవే మీద బస్సు దిగాక కాలనీ లోపలికి ఎంత నడవాలి, ఆ దారిలో లైట్లు వెలుగుతాయా, కుక్కలున్నాయా, ఇవన్నీ రాత్రి ఎనిమిదింటికి వెళ్లి చూడండి. పగలు సైట్ విజిట్‌కి తీసుకెళ్తే ఇవేవీ కనపడవు.

యాంకర్: ఇంకో కాల్ ఉంది, ఘట్‌కేసర్ నుంచి. చెప్పండి అన్నా.

రెండో కాలర్: ఆ మేడమ్‌ని మరీ భయపెట్టకండి సార్. మేం ఇక్కడ ఇల్లు కొని ఏళ్లయింది, హాయిగా ఉన్నాం. ఇంట్లోకి గాలీ వెలుతురూ వస్తాయి, పిల్లలు గల్లీలో ఆడుకుంటారు, కూరగాయలు కూడా సిటీకన్నా తక్కువకే దొరుకుతాయి. చుట్టాలు అంత దూరమా అంటారు, అన్నా గానీ పండక్కి వస్తారు.

సలహాదారు: అన్నా, మీ ఉద్యోగం ఎక్కడ?

రెండో కాలర్: చర్లపల్లి ఇండస్ట్రియల్ ఏరియాలో.

సలహాదారు: అదీ సంగతి. మీకు ఇల్లూ పనీ సిటీకి ఒకే పక్కన ఉన్నాయి, మీకు ఆ శివారు నిజంగానే చవక. ఈ అమ్మ వాళ్లాయన రోజూ సిటీ మొత్తం దాటి ఆ కొసకు వెళ్లి రావాలి. పాప నిద్రలేవకముందే వెళ్లి, పడుకున్నాక వచ్చే నాన్న అవుతాడు. ఆ బాధ ఈఎంఐలో కనపడదు, అందుకే నేను ఇంత గట్టిగా చెప్తున్నాను. నీళ్ల సంగతి కూడా మీరే చెప్పండన్నా.

రెండో కాలర్: నీళ్లకైతే ఎండాకాలం ఇబ్బందే సార్. ఏప్రిల్, మేలో బోరు తగ్గుతుంది, ట్యాంకర్లు తెప్పిస్తాం, ఆ రెండు నెలలు మెయింటెనెన్స్ పెరుగుతుంది. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, గీజర్లో తెల్లగా పేరుకుంటుంది.

కాలర్: బిల్డర్ ఇరవై నాలుగు గంటలూ నీళ్లే అన్నాడండి!

సలహాదారు: ఆ మాట బిల్డర్ని కాదు, పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మెన్‌ని అడగండి. మేలో ఎన్ని ట్యాంకర్లు వచ్చాయి, డ్రైనేజీ లైన్ ఉందా సెప్టిక్ ట్యాంకా, వాన పడితే సెల్లార్‌లోకి నీళ్లొస్తాయా అని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్తాడు. అత్తయ్యగారికి అర్ధరాత్రి ఆయాసం వస్తే ఏ హాస్పిటల్‌కి వెళ్లాలో, ఎంతసేపు పడుతుందో కూడా ముందే తెలుసుకోండి.

కాలర్: కాగితాలు మాత్రం లాయర్‌కి చూపిస్తామండి.

సలహాదారు: తప్పకుండా చూపించండి. నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ ఇచ్చే అనుమతి, ప్రాజెక్టును రెరా చట్టం కింద నమోదు చేసిన నంబరు, ఆస్తి మీద తాకట్లు, పాత లావాదేవీలు చూపించే ఈసీ, స్థలం ఇంతకుముందు ఎవరెవరి చేతులు మారిందో చెప్పే లింక్ డాక్యుమెంట్లు చూడమనండి. ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఉందా, చెరువు ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండితే నీళ్లొచ్చే పరిధిలోకి వస్తుందా అన్నది మరీ ముఖ్యం. లోన్ వచ్చింది కాబట్టి అంతా క్లియర్ అనుకోకండి.

కాలర్: సరేనండి, రేపే బిల్డర్‌కి ఫోన్ చేసి ఇప్పుడే అడ్వాన్స్ ఇవ్వలేమని చెప్తాం. పాప పరీక్షలయ్యాక అటువైపు అద్దె ఇల్లు చూస్తాం.

సలహాదారు: పాప స్కూలు మాత్రం ఇప్పుడే మార్చకండమ్మా. మీరు ఎలాగూ హబ్సిగూడ వస్తారు కదా, ఈ ఒక్క ఏడాది మీతోపాటే తీసుకురండి.