వరద అయుత్తయలో, రేటు కర్నూల్లో

అందరికీ నమస్కారం. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకొచ్చిన కర్నూలులో నిలబడి వరదంటే ఏమిటో చెప్పాల్సిన పని లేదు. అప్పుడు తడిసినవి మన కంప్యూటర్లే. రెండేళ్లకు, 2011 అక్టోబరులో, థాయ్‌లాండ్‌లోని అయుత్తయ ప్రాంతం మునిగితే మాత్రం హార్డ్ డిస్కుల రేటు ప్రపంచమంతా ఎగిరింది.

అక్కడ బాంగ్ పా-ఇన్‌లో హార్డ్ డిస్కులు చేసే వెస్టర్న్ డిజిటల్ కంపెనీ ఫ్యాక్టరీ ఉంది. నీళ్లలో మునిగిన యంత్రాలను గజ ఈతగాళ్లతో పైకి తీయించారు. మరో డిస్కుల కంపెనీ సీగేట్ ఫ్యాక్టరీలు మునగలేదు. అయినా దానికీ డిస్కులకు కటకటే. డిస్కు పళ్లెం తిప్పే చిన్న మోటారును ఎక్కువగా నిడెక్ అనే కంపెనీ చేస్తుంది, దాని ప్లాంట్లూ ఆ వరదలో చిక్కుకున్నాయి. నీళ్లు తీసినంత మాత్రాన డిస్కులు రావు. దుమ్ము లేని గదులు మళ్లీ సిద్ధం కావాలి, యంత్రాలు కొలతకు రావాలి. అందుకే ఎక్కిన రేటు ఏడాది గడిచినా పూర్తిగా దిగలేదు. పైగా ఆ సీజన్‌లోనే వెస్టర్న్ డిజిటల్, సీగేట్ రెండూ చాలా మోడళ్లకు వారంటీ తగ్గించాయి. రేటు అందరికీ కనబడింది, ఇది ఎక్కువమందికి కనబడలేదు.

ర్యామ్ (కంప్యూటర్ మెమరీ) చిప్పుల సంగతి వేరు, వాటికి ఫ్యాక్టరీ మునగనక్కర్లేదు, కరెంటు పోయినా చాలు. 1999 సెప్టెంబరు 21న తైవాన్‌లో భూకంపం వస్తే షిన్‌చూ చిప్ ఫ్యాక్టరీలకు కరెంటు పోయింది. భవనాలు నిలబడ్డా, పనిలో ఉన్న వేఫర్లు, అంటే చిప్పులు తయారయ్యే సిలికాన్ పలకలు, చెడిపోయాయి.

ఇక దుకాణం సంగతి. పది డిస్కులు 2,500 చొప్పున కొని పెట్టుకున్న వ్యాపారి వాటిని 2,800కి అమ్మితే చేతికి 28,000 వస్తాయి. హోల్‌సేల్ రేటు 5,000 అయితే ఆ డబ్బుకు తిరిగి వచ్చేవి ఐదే. కాబట్టి పాత సరుకును కొత్త రేటుకు అమ్మితే దోపిడీ అనలేను. అలాగని అడ్వాన్సు తీసుకున్న ఆర్డరుకు రేటు మార్చకూడదు. ఆ నష్టం వ్యాపారిదే. అందుకే కొటేషన్ మీద "మూడు రోజులు చెల్లుతుంది" అని ముందే రాసుకోవాలి.

సరుకు లోపల పెట్టుకుని లేదనడం, డిస్కు కావాలంటే యూపీఎస్ కూడా కొనమనడం తప్పే. పెట్టె మీది ఎం.ఆర్.పి.కి మించి తీసుకోవడం, దాని మీద పెద్ద అంకె స్టిక్కరు అంటించడం నేరం కూడా. మామూలుగా ఎం.ఆర్.పి. అమ్మకపు రేటు కంటే బాగా పైనే ఉంటుంది కాబట్టి, రేటు పెరిగిన ప్రతిసారీ చట్టం అడ్డురాదు. మించితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

కొరత రోజుల్లో అసలు మోసం వాడిన డిస్కును కొత్తదని అమ్మడం. బిల్లులో సీరియల్ నంబరు రాయించండి, ఆ నంబరును కంపెనీ సైట్లో వేసి ఇండియా వారంటీ ఉందో చూడండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాం తెరిస్తే డిస్కు ఎన్ని గంటలు నడిచిందో కనిపిస్తుంది. కొత్తదానికి సున్నా, లేదంటే దానికి బాగా దగ్గరగా ఉండాలి. ఆ లెక్కనూ తుడిచేసేవాళ్లు ఉన్నారు, అందుకని స్క్రూ గుంటల్లో ఒండ్రు, కనెక్టర్ మీద ఆకుపచ్చ తుప్పు ఉన్నాయేమో చూడండి. మామూలు డిస్కుకు గాలి ఆడే చిన్న రంధ్రం ఉంటుంది, వరద నీళ్లు లోపలికి వెళ్లేది దాని గుండానే. మీ డిస్కే తడిస్తే ఎండబెట్టకండి, కరెంటు ఇవ్వకండి. ఒండ్రు పళ్లెం మీద ఎండి అతుక్కుంటుంది. తడిగానే ప్లాస్టిక్ కవరులో మూసి, డేటా తీసేవాళ్ల దగ్గరికి పంపండి.